పదకొండో ఊపిరి

శుద్ధ పంచమి. పోటు అయిదడుగులు.

ఊపిరి క్లాసు టీచరు రోజూ రిజిస్టరు రాయాలని కట్టాఫీసు వాళ్ల కొత్త ఆర్డరు. ఎంతమంది వచ్చారు, ఎన్ని నిమిషాలు కూర్చున్నారు, ఎవరికెన్ని మార్కులు, అంతే రాయాలట. పదహారేళ్లు నోటితో చెప్తే సరిపోయింది, ఇప్పుడు కాగితం కావాల్సొచ్చింది. సరే, ఇచ్చారుగా. నా ఇష్టమొచ్చింది రాస్తాను. ఇది చదివే నాథుడెవడూ లేడని నాకు తెలుసు.

హాజరు పద్నాలుగు. ఇరవై నిమిషాలు.

రోజూ చెప్పేదే చెప్పాను. "కళ్లు మూసుకోండి. ఊపిరి చూడండి. పది లెక్కపెట్టి మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టండి. భయమేసిందా, వేసిందని గమనించండి. కోపమొచ్చిందా, వచ్చిందని గమనించండి. చెయ్యి ఎటైనా వెళ్లబోతే, వెళ్లబోతోందని గమనించి వెనక్కి తీసుకోండి. దానంతటదే పోతుంది." ఇలా ప్రశాంతత నేర్పే మనిషిని నేను. మా ఇంట్లో గిన్నెలకున్న సొట్టలు చూస్తే మాత్రం ఎవరూ నమ్మరు.

మా లోతుపాలెంలో ఈ క్లాసు లేకపోతే కుదరదు. ఊరికి కాపుగా వేసిన మట్టి కట్టకి అవతల సముద్రం మా గుమ్మాల కన్నా ఎత్తులో ఉంటుంది. ఆ సంగతి బుర్రకెక్కిన రోజు నుంచి పదమూడేళ్ల పిల్లలకి నిద్ర పట్టదు. పరీక్షల భయం, ప్రేమ గొడవలు, అమ్మతో పోట్లాటలు అన్ని ఊళ్లలోనూ ఉండేవే. మా పిల్లలకి వాటన్నిటి కింద ఈ నీళ్లొకటి.

పైగా పదిహేను నిండితే చెవిగది డ్యూటీ. కట్ట లోపలికి మెట్లు దిగితే వరసగా తొమ్మిది గదులుంటాయి. ఒక్కో గదిలో మట్టిలోకి దిగ్గొట్టిన ఇనప గొట్టం ఉంటుంది. దానికి చెవి ఆనించి మూడు గంటలు కూర్చోవాలి. నీరు ఊరుతుంటే సన్నగా బుస్సుమంటుందట. పద్దెనిమిది దాటిన చెవికి ఆ చప్పుడు అందదు. మిషన్లు పెట్టి చూశారు, ఊట నీళ్లు తోడే పంపుల హోరులో వాటికీ అందలేదు. పిల్లలకే వినిపిస్తుంది. వినిపిస్తే పక్కనున్న గంట పిడి మూడుసార్లు లాగాలి. ఊరంతా డాబాలెక్కుతుంది, మట్టి బస్తాలతో మనుషులు దిగుతారు. కంగారు పిల్లలైతే బల్లి కూసినా గంట లాగేస్తారు, జనం డాబాలెక్కి తిట్టుకుంటూ దిగుతారు. అందుకని నా దగ్గర మార్కులు ఎక్కువొచ్చిన వాళ్లకే లోతు గది. ఆ ఇంటికి రోజుకో బిందె మంచినీళ్లు ఎక్కువిస్తారు.

ఈసారి దవనానికి తొంభై ఎనిమిది వేశాను. తొమ్మిదో గది దానిదే. పౌర్ణమి పొద్దున, పెద్ద పోటప్పుడు మొదటి డ్యూటీ.

ఉప్పు నేలలో ఏ మొక్కలు మొలవవో వెతికి మరీ ఆ పేర్లు పిల్లలకి పెట్టుకుంటారు మా వాళ్లు. దవనం, కనకాంబరం, మారేడు. దవనానికి ఒక అక్క ఉండేది, మందార. నా చేత్తో నూటికి నూరు వేసింది ఆ పిల్లకొక్కదానికే. మూడేళ్ల కిందట తొమ్మిదో గదిలో కూర్చునుండగా గది కూలింది. ఉన్నట్టుండి కూలిందనీ, గంట లాగే వ్యవధి లేకపోయిందనీ ఆఫీసు వాళ్లు చెప్పారు. ఆ గది ఇప్పుడు మళ్లీ తవ్వి కట్టారు.

ఒక్క సంగతి రాయాలి. ఇవాళ క్లాసులో నేనొక్కదాన్నే కళ్లు తెరిచి కూర్చున్నాను, మోకాలు నొప్పితో. పద్నాలుగు మంది భుజాలూ ఒకేసారి లేస్తున్నాయి, ఒకేసారి దిగుతున్నాయి. అది మామూలే. అందరి మణికట్టుకీ ఊపిరి పట్టీ ఉంటుంది. ఊపిరి పీల్చాల్సినప్పుడు బిగుస్తుంది, వదలాల్సినప్పుడు సడలుతుంది. మాదిరి ఊపిరి అంటారు దాన్ని, మూడేళ్లుగా పిల్లలందరికీ అదే. కానీ మధ్యలో పద్నాలుగు మందీ ఒక్క క్షణం ఆగిపోయారు. పీల్చిన గాలి పీల్చినట్టే పట్టి ఉంచారు. మళ్లీ మొదలెట్టారు. లెక్కపెట్టాను. పదకొండో ఊపిరికి మళ్లీ ఆగారు.

ఇన్నాళ్లూ కళ్లు మూసుకుని కూర్చోబట్టి నేను చూడలేదు.


శుద్ధ సప్తమి. పోటు నాలుగున్నర.

మంచినీళ్ల క్యూలో నిలబడ్డాను. ముందు ఓ పది మంది పెద్ద పిల్లలు బిందెలు పెట్టుకుని ఒకళ్లనొకళ్లు తోసుకుంటున్నారు, నవ్వుకుంటున్నారు. ఉన్నట్టుండి నవ్వులాగిపోయాయి. పది మందీ గాలి బిగబట్టి తలలు ఓ పక్కకి వంచారు. రెండు క్షణాలు. మళ్లీ ఏమీ ఎరగనట్టు తోసుకోవడం మొదలెట్టారు.

"ఏమే కనకం, ఎందుకాగారు?" అన్నాను.

"ఎక్కడాగాం టీచర్?" అంది. అబద్ధం కాదు, పాపం దానికి తెలీదు.

నీళ్లు పోసేది నాంచారమ్మ. మందార, దవనాల తల్లి. నా బిందె నింపుతూ, "టీచరమ్మా, మా దవనం భలే కుదురైందమ్మా. కంచం విసిరికొట్టే పిల్ల ఇప్పుడు గొంతే ఎత్తదు. అచ్చం పెద్దదానిలా తయారైంది. అంతా నీ చలవే" అంది.

ఇంటికొచ్చి కనకం దగ్గర అడిగి తెచ్చుకున్న పట్టీ చేతికి కట్టుకున్నాను. పెద్దవాళ్లెవరం కట్టుకోం కదా, ఇదే మొదటిసారి. పీల్చేటప్పుడు ఒక్కసారిగా బిగుసుకోలేదు. సగం బిగిసి, ఓ త్రుటి ఆగి, మిగతా సగం బిగిసింది. మెట్టెక్కినట్టు.

ఇలా రెండు మెట్లుగా గాలి పీల్చే పిల్లని నేనొక్కదాన్నే ఎరుగుదును. చిన్నప్పుడు ముక్కు మీద దెబ్బ తగిలి ఎముక వంకరపోయింది దానికి. రెండేళ్లు ఎదురుగా కూర్చుని చూశాను. మందార ఊపిరి ఇది.

మందార మా క్లాసులో పదకొండో ఊపిరికి ఎప్పుడూ ఆగలేదు. మరి ఇదెక్కడిది?


శుద్ధ అష్టమి. పోటు నాలుగే.

క్లాసు మారేడుకి అప్పగించి కట్టాఫీసుకి వెళ్లాను. ఇంజనీరు కోటేశ్వర్రావు గారు మంచివాడే. మూడేళ్లలో మనిషి బాగా నలిగిపోయాడు. టీ తెప్పించాడు. నేను ముట్టుకోలేదు.

"మాదిరి ఊపిరి ఎవరిదండీ?"

"మిషను ఎంచిందండీ రత్నమాల గారూ. చెవిగదుల్లో పిల్లల ఊపిరి రికార్డులుంటాయి కదా, నాలుగు వేల దాకా. అన్నిట్లోకీ కుదురైనది తియ్యమన్నాం. తీసింది."

"ఎవరిదని అడిగాను."

ఆయన కళ్లజోడు తీసి తుడిచాడు. మళ్లీ పెట్టుకోలేదు. "మందారది. నాకూ తర్వాతే తెలిసింది."

"ఏ రోజుది?"

పంపుల హోరుకి బల్ల మీద గ్లాసు సన్నగా వణుకుతోంది. "ఏ రోజుదయ్యా?" అని అరిచాను. గుమస్తా తొంగి చూసి వెళ్లిపోయాడు.

"ఆఖరు రోజుది" అన్నాడు.

బీరువాలోంచి పొడుగాటి కాగితం చుట్ట తీసి బల్ల మీద పరిచాడు. ఊపిరి గీత అలలు అలలుగా సాగిపోయింది. పదకొండో అల దగ్గర చదునుగా ఆగింది. సరిగ్గా దాని కింద నల్ల చుక్క ఒకటి. మళ్లీ పదకొండు అలలు, మళ్లీ చదును, మళ్లీ చుక్క.

"చుక్కలేంటివి?"

"గంట పిడి. చెయ్యి పడితే చుక్క పడుతుంది. పిడి పనిచేస్తోందో లేదో తెలియడానికి పెట్టాం."

వేలు పెట్టి లెక్కపెట్టాను. నలభై ఒకటి.

"లాగలేదా?"

"లాగలేదండీ. పట్టుకుంది, వదిలేసింది. పట్టుకుంది, వదిలేసింది. గంటా పదిహేను నిమిషాలు." ఆయన కాగితం అంచు అరచేత్తో అదిమి పెట్టాడు. "వ్యవధి లేకపోయిందని నేనే రాయించాను. ఆ తల్లికి ఏమని చెప్పమంటారు? మీకేమని చెప్పమంటారు? మీరు క్లాసు మానేస్తే చెవిగదుల్లో కూర్చునేదెవరు?"

పదకొండో ఊపిరి సంగతి నాకు అక్కడే అర్థమైంది. పది లెక్కపెట్టమన్నది నేనే. ఆ పిల్లకి నీటి చప్పుడు వినిపించింది. భయమేసింది. నేను చెప్పినట్టే పది లెక్కపెట్టింది. పదకొండోది బిగబట్టి, పోయిందా అని వింది. పోలేదు. చెయ్యి గంట మీదకెళ్లింది. వెళ్లిందని గమనించి వెనక్కి తీసుకుంది. మళ్లీ ఒకటి. బంగారంలాంటి పిల్ల, నా మాట జవదాటలేదు. నలభై ఒక్కసార్లు జవదాటలేదు.

పోవాల్సిన భయం వేరు, పోకూడని భయం వేరని నేనేనాడూ చెప్పలేదు. చెప్పాలని తోచలేదు.

ఇంటికెలా వచ్చానో తెలీదు. గిన్నెల జోలికి పోలేదు. నేల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను.


శుద్ధ దశమి. పోటు అయిదు.

నిన్నంతా ధైర్యం చాలలేదు. ఇవాళ నీళ్ల పంపిణీ అయ్యాక నాంచారమ్మ దగ్గరికెళ్లాను. ఒక్కతే పీపాలు కడుగుతోంది. చెప్పేశాను. చుక్కలూ, లెక్కా, నేను చెప్పిన మాటలూ, ఏదీ దాచలేదు.

పీచు కింద పెట్టింది.

"నా పిల్ల భయపడిందా?"

"పడింది నాంచారమ్మా."

"అందరూ పడలేదన్నారు. నిద్రలో పోయినట్టు పోయిందన్నారు. మూడేళ్లు ఆ ఒక్క మాట పట్టుకుని బతికాను." చెంబెత్తి నా మీదకి విసిరింది. భుజానికి తగిలింది. తగలాల్సిందే. "గంటసేపు భయపడుతూ కూర్చుందా? ఒక్కతీ? నేనిక్కడ నీళ్లు పోసుకుంటూ ఉన్నాను కదే, ఒక్క గంట కొడితే పరిగెత్తుకొచ్చేదాన్ని కదే!"

ఆమె ఏడుపు తగ్గాక కొంగుతో మొహం తుడుచుకుంది.

"మరి దీన్నెందుకు పంపిస్తున్నావ్?" అంది.

"ఆపుతాను. నా ప్రాణం పోయినా ఆపుతాను" అన్నాను. నా నోరు ఊరుకోదు కదా, చేతనయ్యేదీ కానిదీ చూసుకోకుండా మాటిచ్చేసింది.


శుద్ధ ఏకాదశి. పోటు అయిదున్నర.

పొద్దున్నే ఆఫీసు, ఇంజనీరు గారి దగ్గరికి. దవనాన్ని తప్పించండి అన్నాను. కుదరదన్నాడు. పౌర్ణమి పోటు ఎనిమిదడుగులుంటుందట. ఆ గది ఖాళీగా ఉంచితే ఊరు మునిగినా తెలీదు. ఇంకెవరినైనా కూర్చోబెట్టండి అన్నాను. "ఎవరిని? మీరే చెప్పండి, ఎవరి బిడ్డని?" అన్నాడు. అందరికీ నేనే నేర్పాను కదా. ఏ పేరు చెప్పినా అదే చెయ్యి, అదే వెనక్కి తీసుకోవడం. పేరు చెప్పలేక తిరిగొచ్చాను.

క్లాసయ్యాక దవనాన్ని ఉండమన్నాను. సన్నగా, పొడుగ్గా, జడ చివర దారప్పోగుతో కట్టుకుని ఎదురుగా కూర్చుంది. తల్లి ఏమీ చెప్పలేదట, నిన్నటి నుంచి మొహం చాటేస్తోందట. నేనే చెప్పాను. మీ అక్కకి వినిపించింది. నలభై ఒక్కసార్లు గంట పట్టుకుంది. నేను నేర్పిన పాఠం వల్ల లాగలేదు.

దాని మొహం తెల్లబోయింది. పెదాలు అదిరాయి. హమ్మయ్య, ఏడుస్తుంది అనుకున్నాను. తిట్టినా పడదామని కూర్చున్నాను.

కళ్లు మూసుకుంది. పట్టీ బిగుస్తోంది, సడలుతోంది. నేను ఊపిర్లు లెక్కపెడుతున్నాను. పదకొండో దగ్గర ఆగింది. తల వంచి ఏదో విన్నట్టు వింది. తర్వాత కళ్లు తెరిచి చక్కగా నవ్వింది.

"పోయింది టీచర్" అంది.

"ఏం పోయిందే?"

"వచ్చింది కదా, బాధ. చూశాను. పోయింది." చాప చుట్టి మూల పెట్టి, "వెళ్లొస్తాను టీచర్" అని వెళ్లిపోయింది.

నాకు అంత భయం జన్మలో వెయ్యలేదు. మందార చనిపోయిన రోజున కూడా వెయ్యలేదు.


శుద్ధ ద్వాదశి. పోటు ఆరు.

పాత రైలు పట్టా ముక్కొకటి తెచ్చి క్లాసులో వేలాడగట్టాను. పక్కన సుత్తి పెట్టాను.

"ఇవాళ కళ్లు మూసుకోవడాల్లేవు. ఒక్కొక్కళ్లే వచ్చి కొట్టండి. ఊరికే. ఏ కారణం లేకుండా."

పిల్లలు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. టీచరుకి మతి పోయిందనుకునుంటారు. మారేడు లేచాడు, వాడు కాస్త పొగరుబోతు. సుత్తి ఎత్తాడు. చెయ్యి గాల్లో ఆగింది. ఊపిరి ఆగింది. నెమ్మదిగా దించి కింద పెట్టేశాడు.

"ఏరా, కొట్టలేదే?"

"కొట్టాలనిపించింది టీచర్. గమనించాను. పోయింది."

పద్నాలుగు మందీ వచ్చారు. పద్నాలుగు మందీ సుత్తి ఎత్తి దించారు. దవనం ఆఖర్న వచ్చింది. అది సుత్తిని దించడం కూడా ఎంత మెత్తగా దించిందో, బల్ల మీద పెట్టిన చప్పుడే రాలేదు.

నాకు పూనకం వచ్చింది. సుత్తి లాక్కుని పట్టాని నేనే బాదాను. "ఇలా! ఇలా కొట్టాలి! మీకు నోళ్లున్నాయి, కాళ్లున్నాయి, భయమేస్తే అరవండి, పారిపోండి, గంట లాగండి! నేను చెప్పింది తప్పు. పదహారేళ్లూ సగమే చెప్పాను. గమనించడం వరకే చెప్పాను. గమనించాక ఏం చెయ్యాలో అడగాలి. ఈ భయం ఎందుకొచ్చిందే అని దాన్నే అడగాలి. ఉత్తదైతే పొమ్మనండి. కాకపోతే లేవండి!"

పక్క క్లాసు మేష్టారు పరిగెత్తుకొచ్చాడు. పిల్లలు మాత్రం కదల్లేదు. నా కోపాన్ని కూడా బుద్ధిగా గమనిస్తూ కూర్చున్నారు. పదకొండో ఊపిరికి అందరూ తలలు వంచారు.


శుద్ధ త్రయోదశి. పోటు ఆరున్నర.

ఆఫీసు నుంచి చీటీ వచ్చింది. క్లాసులో అల్లరి చేయరాదట. పౌర్ణమి అయ్యాక నా సంగతి తేలుస్తారట. తేల్చుకోనీ.

పట్టీలు విప్పించాను. అవి ఆఫీసు సొత్తు, విప్పించే హక్కు నాకు లేదు. ఇనప బక్కెట్ తెచ్చి మధ్యలో పెట్టి, "ఇందులో పడెయ్యండి" అన్నాను. విప్పిన చోట మణికట్టు తెల్లగా పాలిపోయి ఉంది అందరికీ.

తర్వాత జరిగింది నేను ఊహించలేదు. పట్టీలు చేతికి లేకపోయినా ఆగవు. బక్కెట్లో పద్నాలుగూ ఒకదాని మీదొకటి పడి, ఒకేసారి బిగుసుకుంటున్నాయి, ఒకేసారి సడలుతున్నాయి. సగం, చిన్న ఆగడం, మిగతా సగం. బక్కెట్ గోడలకి రాసుకుని సన్నటి చప్పుడు. పదకొండో ఊపిరికి ఆ చప్పుడు ఆగిపోయింది. మళ్లీ మొదలైంది. కనకం "అమ్మో" అని మారేడు చొక్కా పట్టుకుంది.

దవనం లేచొచ్చి బక్కెట్ పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. లోపలికి చెయ్యి పెట్టింది.

"ఇది అక్కా టీచర్?"

"అక్కేనమ్మా."

"ఇక్కడ ఆగినప్పుడా గంట పట్టుకుంది?"

"అవును."

చెయ్యి అలాగే ఉంచి కూర్చుంది. పీరియడ్ బెల్లయినా లేవలేదు. పదకొండో ఊపిరి వచ్చినప్పుడల్లా దాని వేళ్లు ఉలిక్కిపడి ముడుచుకుంటున్నాయి. చాలాసేపటికి, "ఇంటికి తీసుకెళ్లనా? అమ్మకి చూపించాలి" అంది.

సాయంత్రం వాళ్లింటి మీదుగా వెళ్లాను. తలుపు తీసే ఉంది. నాంచారమ్మ గడప లోపల కూర్చుని బక్కెట్ ఒళ్లో పెట్టుకుని, మోచేతి దాకా చెయ్యి ముంచి ఉంది. నన్ను చూసింది కానీ పొమ్మనలేదు. రమ్మనీ అనలేదు.


శుద్ధ చతుర్దశి. పోటు ఏడడుగులు.

కోటేశ్వర్రావు గారి కాళ్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. ఆఖరికి ఒక్కదానికి ఒప్పుకున్నాడు. దవనం పట్టీ లేకుండా దిగొచ్చు, నేను మెట్ల పైన కూర్చోవచ్చు. లోపలికి మాత్రం అడుగు పెట్టకూడదు, నా అడుగుల చప్పుడు గొట్టంలో వినిపిస్తుందట.

దవనం అడిగింది, "నాకూ అలాగే అయితే టీచర్? చెయ్యి వెళ్లి మళ్లీ వెనక్కొచ్చేస్తే?"

అవునే, అలా అయితే ఎలా? ధైర్యం చెప్పబోయి ఊరుకున్నాను. "నాకూ భయంగానే ఉంది" అన్నాను. "ఉత్తినే లాగినా ఫర్వాలేదు. ఊరంతా నిన్ను తిడితే తిట్టనీ. ఆ తిట్లు నేను పడతాను."

అది తలూపింది. మొహంలో ఏమీ కనిపించలేదు.


పౌర్ణమి. పోటు ఎనిమిదడుగులు.

ఇప్పుడే ఇంటికొచ్చాను, అక్షరాలు వంకర పోతే పోనీ.

పొద్దున ఏడున్నరకి దవనం దిగింది. తొమ్మిదింటికి పోటు నిండుతుంది. నేను మెట్ల పైన రాతి మీద కూర్చున్నాను. కాసేపటికి నాంచారమ్మ వచ్చి పక్కన కూర్చుంది. నీళ్ల దగ్గర ఎవర్నో పెట్టి వచ్చిందట. కట్టకి అవతల కెరటాలు కొడుతుంటే కిందున్న రాయి అదురుతోంది.

ఎనిమిదైంది. ఎనిమిదిన్నర అయింది. నాకు తెలీకుండానే ఊపిర్లు లెక్కపెడుతున్నాను. పదకొండోది బిగబట్టి మెట్ల వైపు వింటున్నాను. పక్కన చూస్తే నాంచారమ్మ కూడా బిగబట్టి ఉంది. రెండు రాత్రులు బక్కెట్ పెట్టుకుని పడుకుందిగా.

తొమ్మిదికి పది నిమిషాలుందనగా గంట మోగింది.

ఒకటి. ఇద్దరం లేచి నిలబడ్డాం. రెండు. మూడు. ఊళ్లో కేకలు మొదలయ్యాయి, జనం పిల్లల్ని చంకనేసుకుని డాబాలెక్కుతున్నారు. మట్టి బస్తాల వాళ్లు మమ్మల్ని తోసుకుంటూ మెట్లు దిగారు, కోటేశ్వర్రావు గారు వాళ్ల వెనకాల. మూడుతో ఆగాలి. ఆగలేదు. నాలుగు. అయిదు. ఆరు. "దవనం, పైకి రావే!" అని నాంచారమ్మ మెట్ల మీదకి పరిగెత్తింది. నేనూ పరిగెత్తాను, అడుగుల చప్పుడు గొట్టంలో వినిపిస్తే వినిపించనీ.

తొమ్మిదో గది దగ్గర బస్తాల వాళ్లు గోడంతా తడిమి చూస్తున్నారు. నేల పొడిగా ఉంది. గోడ పొడిగా ఉంది. ఒకతను గొట్టం చుట్టూ మట్టి గీకి లోపలికి చెయ్యి పెట్టి, నా అరచేయంత పీతని కాలు పట్టుకుని బయటికి లాగాడు. గొట్టాన్ని బరబరా గీకుతోంది ఇదేనట.

"పీత! పీతకి ఊరినంతా డాబాలెక్కించిందిరా!" అన్నాడు.

దవనం వినలేదు. రెండు చేతులతో పిడి పట్టుకుని లాగుతూనే ఉంది. జడ ఊడిపోయింది, జుట్టంతా మొహం మీద. ఒళ్లంతా చెమట. కోటేశ్వర్రావు గారు, "చాలమ్మా, ఏం లేదు, వదిలెయ్" అని దాని చెయ్యి పట్టుకోబోయారు. నాంచారమ్మ ఆయన చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

"లాగనివ్వండి" అంది. వేళ్ల కణుపుల మీద ఆమె లెక్కపెడుతోంది. అప్పుడు నేనూ ఆమె లెక్కనే అందుకున్నాను. ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిది.

నలభై నాలుగు దగ్గర ఆగింది.

ఆ గది ఎంత చిన్నదో అప్పుడు చూశాను. ఒక మనిషి కాళ్లు చాపుకునేంత కూడా లేదు. ఇందులో గంటా పదిహేను నిమిషాలు.

కోటేశ్వర్రావు గారు గుమ్మం బయట గోడకి ఆనుకుని చెమట తుడుచుకున్నారు. ఆఫీసు పుస్తకంలో కారణం రాయాలి కదా, అలవాటు కొద్దీ అడిగారు. "ఎందుకు లాగావమ్మా?"

"భయమేసింది సార్."

"మూడుసార్లు చాలు కదమ్మా. ఇన్నిసార్లెందుకు?"

"మొదటి మూడూ నావి సార్" అంది దవనం. "మిగతావి మా అక్కవి."

ఆయన పుస్తకం మూసేశారు. బస్తాల వాళ్లు తలలు దించుకున్నారు. పీతని పట్టుకున్నతను దాన్నేం చెయ్యాలో తెలీక అలాగే నిలబడ్డాడు.

అప్పుడు ఏడిచింది ఆ పిల్ల. మూడేళ్ల ఏడుపు. ముక్కూ నోరూ ఏకమయ్యేలా, తల్లిని పట్టుకుని, అక్కా అక్కా అంటూ గుక్క తిప్పుకోకుండా ఏడిచింది. వదలమని గానీ, గమనించమని గానీ, గాలి పీల్చమని గానీ ఎవరం చెప్పలేదు.

పాడు అలవాటు, నేను మాత్రం లెక్కపెట్టాను. ఎనిమిది. తొమ్మిది. పది. పదకొండో ఊపిరి వచ్చింది. దవనం ఆగలేదు. ఏడుస్తూనే ఉంది.